గుంటలు, సెంట్లు, అక్షరాలు: గబ్బూరులో మా పనుల చరిత్ర

పోయిన వేసవిలో మా ఇంట్లో ఒక కాగితం పని పడింది. తాతయ్య పేరు మీద ఉన్న పొలం నాన్న పేరు మీదకి మార్చాలి. దీన్ని ఇక్కడ కన్నడలో "పౌతి ఖాతె" అంటారు. దానికి వంశవృక్షం జతచేయాలి. అంటే తాతయ్య, నాయనమ్మ, వాళ్ళ పిల్లలు, ఎవరున్నారు, ఎవరు పోయారు, అన్నీ వరసగా రాసి ఇవ్వాలి.

ఇదేం పెద్ద పని, అరగంటలో అయిపోతుంది అనుకున్నాం. కూర్చుని కాగితాలన్నీ బయటికి తీస్తే తాతయ్య నాలుగు కాగితాల్లో నలుగురు మనుషుల్లా కనిపించాడు. ఒకదాంట్లో ఇంటిపేరు మొదటి అక్షరం ముందుంది. ఒకదాంట్లో ఇంటిపేరు లేదు, దాని బదులు ఆయన తండ్రి పేరుంది. ఇంకోదాంట్లో ఊరి పేరు ఇంటిపేరైపోయింది. నాలుగో దాంట్లో "రావు" ఎగిరిపోయి "రాయ" వచ్చింది. తప్పు ఏ ఆఫీసుదీ కాదు. ఎక్కడ ఎవరు ఎలా అడిగితే అలా చెప్పుకుంటూ వచ్చింది మా వాళ్ళే.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మా బతుకుతెరువు. రెండు చోట్ల ఒకటే ఉండాల్సిన సమాచారం వేరువేరుగా ఉంటే, ఏది తప్పు అని అడిగే ముందు ఎప్పటి నుంచి తేడా వచ్చింది అని అడగడం మాకు అలవాటు. ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి పోతే తేలిన సంగతులే ఈ వ్యాసం. ఇది రాజుల చరిత్ర కాదు. మనవాళ్ళు ఇక్కడ ఏ పని చేశారు, ఏ పనిముట్లతో చేశారు, ఏ మాటలతో చేశారు అన్న లెక్క. మీ ఇంట్లోనూ ఇలాంటి కాగితాల మూట ఒకటి ఉండే ఉంటుంది.

మనకంటే ముందే వచ్చిన తెలుగు

గబ్బూరు రాయచూరు నుంచి దేవదుర్గ వెళ్ళే దారిలో ఉంది. పాత గుళ్ళ ఊరు. కళ్యాణి చాళుక్యుల కాలం నాటి గుళ్ళు, కన్నడ శాసనాలు ఊళ్ళో అక్కడక్కడా ఉన్నాయి. చిన్నప్పుడు మేము క్రికెట్ ఆడిన చోటికి పక్కనే ఒక శాసనం రాయి ఉండేది. బడిలో నేర్చిన కన్నడతో దాన్ని చదవబోతే ఒక్క అక్షరం కూడా తెలిసేది కాదు. అది కన్నడమే అని మాస్టారు చెప్తే నమ్మలేదు.

ఈ నేల మీద తెలుగు మాత్రం మనతో రాలేదు. రాయచూరు కోటకి వెళ్ళినవాళ్ళు లోపలి గోడలో ఒక పొడుగాటి రాయి చూసే ఉంటారు. సుమారు 41 అడుగుల పొడవు, ఒకే రాయి. దాని మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. కాకతీయుల కాలంలో గోరె గంగయ్య రెడ్డి ఈ కోట కట్టించినట్టు అందులో ఉంది. దాని దగ్గరే గోడ మీద ఒక బొమ్మ గీసి ఉంటుంది. పెద్ద బండి, దాని మీద ఆ పొడుగాటి రాయి, ముందు వరసగా పశువులు, పక్కన మీటలు పట్టుకుని మనుషులు. అంత రాయిని గని నుంచి కోట దాకా ఎలా తెచ్చారో చూపించే బొమ్మ అది.

మేము ఆఫీసు పనిలో చేసిన ప్రతి పనికీ ఎలా చేశామో రాసి పెట్టాలి. ఏడు వందల ఏళ్ళ క్రితం ఎవరో అదే చేశారు. కట్టించినవాడి పేరు అక్షరాల్లో ఉంది. మోసినవాళ్ళు బొమ్మలో ఉన్నారు, పేర్లు లేవు. ఈ సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

కృష్ణకీ తుంగభద్రకీ మధ్యనున్న ఈ అంతర్వేది కోసం విజయనగరం, బహమనీలు, బీజాపూరు వాళ్ళు ఎన్నోసార్లు కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు గెలిచిన యుద్ధం మన పిల్లలకి తెలుసు. ఆ తర్వాతి సంగతే చాలామందికి తెలియదు. రాయచూరు జిల్లా 1956 దాకా హైదరాబాదు సంస్థానంలో, తర్వాత హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. 1956 నవంబరు 1న రాష్ట్రాలు విడదీసినప్పుడు ఈ జిల్లాలోని గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. మిగతాది మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంటే అప్పటిదాకా ఒకే జిల్లాగా ఉన్న చోట తెలుగువాళ్ళు కొందరు రాత్రికి రాత్రి సొంత రాష్ట్రం వాళ్ళయ్యారు, కొందరు పక్క రాష్ట్రం వాళ్ళయ్యారు. ఎవరూ ఇల్లు కదల్లేదు.

నిజాం పాలన మాటలు మాత్రం రెండు వైపులా మిగిలాయి. పహాణి అన్న మాట ఇక్కడా ఉంది, తెలంగాణలోనూ ఉంది. కోస్తా నుంచి వచ్చిన మా తాతయ్యకి అది కొత్త. ఆయనకి తెలిసింది అడంగలు.

ఆనకట్ట, క్యాంపు

తుంగభద్ర ఆనకట్టకి 1945 ఫిబ్రవరి 28న రెండు శంకుస్థాపనలు జరిగాయి. ఎడమ గట్టున నిజాం కొడుకు బేరారు యువరాజు, కుడి గట్టున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్. ఒకే నదికి రెండు ప్రభుత్వాలు, రెండు రాళ్ళు. 1953లో కాలువల్లోకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ సుమారు 227 కిలోమీటర్లు, రాయచూరు దాకా వస్తుంది.

ఈ కాలువని వరి కోసం తవ్వలేదు. ఇది కరువు నేల. ఉన్న నీళ్ళు ఎక్కువ ఎకరాలకి కొంచెం కొంచెం అందించి జొన్న, పత్తి, వేరుశనగ లాంటివి ఎండిపోకుండా కాపాడాలన్నది అసలు ఆలోచన. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ముందే రాసి పెట్టారు. వరికి ఇచ్చిన వాటా తక్కువ.

అప్పుడు వచ్చారు మనవాళ్ళు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి 1950ల్లో మొదలై తర్వాత రెండు మూడు దశాబ్దాలు వస్తూనే ఉన్నారు. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ చాలా ఎకరాలు వచ్చేవి. ఇక్కడి రైతులకి నల్లరేగడి, వాన, జొన్న తెలుసు. కాలువ నీళ్ళు, దమ్ము, నాట్లు తెలియవు. ఎత్తుపల్లాల నేలని చదును చేసి మడులు కట్టడానికి పెట్టుబడి కావాలి. అది లేక చాలామంది అమ్ముకున్నారు. మా తాతయ్య 1960ల్లో తెనాలి వైపు నుంచి సింధనూరు వైపు వచ్చి అలాగే కొన్నాడు.

పొలం గట్టున తాత్కాలికంగా వేసుకున్న గుడిసెల్ని క్యాంపు అన్నారు. గుడిసెలు పోయి పెంకుటిళ్ళు, డాబాలు వచ్చినా క్యాంపు అన్న పేరు పోలేదు. సింధనూరు, మాన్వి, గంగావతి, సిరుగుప్ప వైపు ఈ పేరుతో ఎన్ని ఊళ్ళున్నాయో మీకు తెలుసు. మూడు తరాలు పుట్టి పెరిగిన ఊరిని కూడా క్యాంపు అనే అంటున్నాం. రేపో మాపో లేచి వెళ్ళిపోయేవాళ్ళ మాట అది.

ఇక్కడ ఒక నిజం మన ఇళ్ళలో చెప్పుకోం, కానీ రాయాలి. కాలువ మొదట్లో ఉన్నవాళ్ళు కాగితం మీద ఉన్న పంట వదిలేసి వరి వేశారు. వరి తాగే నీళ్ళు మెట్టపంట తాగదు. దాంతో కాలువ చివర, మాన్వి కింద, రాయచూరు వైపు ఉన్న రైతులకి నీళ్ళు అందలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గొడవ తీరలేదు. వరి వేసినవాళ్ళలో స్థానికులూ ఉన్నారు, కానీ దారి చూపింది మనమే. మన కష్టం గురించి చెప్పేటప్పుడు చివరి తూము దగ్గర నిలబడి నీళ్ళ కోసం ఎదురుచూసిన మనిషి గురించి కూడా చెప్పాలి. ఆయన కన్నడం మాట్లాడతాడు, అప్పుడప్పుడు తెలుగు కూడా మాట్లాడతాడు.

ఇంకో సంగతి. ఈ నేల ఉప్పు తేలడం, నీరు నిలవడం కూడా వరి వెంటే వచ్చాయి. మురుగు కాలువ లేకుండా ఏటా రెండు పంటలు నీళ్ళు పెడితే నల్లరేగడి ఊరుకోదు. ఈ సంగతి మనకి తెలిసేసరికి కొన్ని పొలాలు తెల్లబడ్డాయి.

గుంట, సెంటు

పని నేర్చుకోవాలంటే ముందు కొలత నేర్చుకోవాలి. తాతయ్య లెక్క సెంట్లు. ఎకరానికి 100 సెంట్లు. ఇక్కడి లెక్క గుంటలు. ఎకరానికి 40 గుంటలు. ఒక గుంట అంటే రెండున్నర సెంట్లు. ఆయన చివరిదాకా పహాణి చూసి గుంటల్ని మనసులో సెంట్లు చేసుకునేవాడు. నాన్న రెండూ మాట్లాడతాడు, కొనేటప్పుడు గుంటల్లో, తెనాలి బంధువులకి చెప్పేటప్పుడు సెంట్లలో. మాకు గుంటలే వచ్చు. పెళ్ళిలో ఎవరో పెద్దాయన "ఇరవై సెంట్ల స్థలం" అంటే ఫోనులో లెక్కవేసుకున్నాం. ఎనిమిది గుంటలు.

మాటలూ ఇలాగే మారాయి. పొలం అనడం మానేసి "హొల" అన్నాం, మాగాణి అయితే "గద్దె" అన్నాం. దమ్ము, నారుమడి, ఊడ్పు మాత్రం మన మాటలే ఉన్నాయి. ఆ పనులు మనతో వచ్చాయి కాబట్టి వాటి పేర్లూ వచ్చాయి. మా పొలంలో పనిచేసే కన్నడ కూలీలు దమ్ము అనే అంటారు. జొన్న రొట్టె వాళ్ళ దగ్గర నుంచి మన ఇంటికి వచ్చింది. దాంతో "ఎణ్ణెగాయి", గుర్రెళ్ళ పొడి కూడా వచ్చాయి. నాయనమ్మ మొదట్లో రొట్టె తట్టడం రాక ఏడ్చేదట. పక్కింటావిడ నేర్పించింది. బదులుగా ఆవిడకి నాయనమ్మ గోంగూర పచ్చడి నేర్పింది. ఇద్దరి వంటా ఇప్పుడు ఇద్దరిళ్ళలోనూ ఉంది.

అన్నం సంగతి వేరే చెప్పాలి. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మన వెంటే ఈ కాలువల మీదకి వచ్చింది. జొన్న తినే నేల ఇప్పుడు బెంగళూరుకి బియ్యం పంపుతోంది. బెంగళూరులో మా అద్దె ఇంటి కింద కొట్లో రాయచూరు బియ్యం బస్తా చూసినప్పుడల్లా ఒకసారి చెయ్యి పెట్టి చూస్తాం.

ఒకే నది, రెండు వాటాలు

గబ్బూరుకి మేము వచ్చింది వరి కోసం కాదు, పత్తి కోసం. 1972లో ధార్వాడ వ్యవసాయ పరిశోధకులు వరలక్ష్మి అనే సంకర పత్తి విడుదల చేశారు. రెండు వేరు జాతుల పత్తిని కలిపి చేసింది. ఆ తర్వాత నల్లరేగడి పత్తి చేల లెక్కే మారిపోయింది. ఎరువు, మందు, పెట్టుబడి, రాబడి అన్నీ పెరిగాయి. గుంటూరు రైతుకి పత్తి, మిరప బాగా తెలిసిన పంటలు. 1980ల చివర్లో నాన్న సింధనూరు వైపు తన వాటా తమ్ముడికి ఇచ్చి ఇక్కడ మెట్ట కొన్నాడు.

అప్పటికి ఇక్కడ కాలువ లేదు, కాలువ మాట మాత్రం ఉంది. కృష్ణ ఎగువ ప్రాజెక్టుకి 1964లో ఆలమట్టి దగ్గర లాల్ బహదూర్ శాస్త్రి శంకుస్థాపన చేశారు. నారాయణపుర ఆనకట్ట 1982లో పూర్తయింది. దాని కుడి కాలువ లింగసుగూరు, దేవదుర్గ తాలూకాల మీదుగా 95 కిలోమీటర్లు వస్తుంది. మా వైపు నీళ్ళు వచ్చేదాకా నాన్న జుట్టు నెరిసింది.

ఈ నది మీదే మన బంధుత్వం కూడా ఉంది. 1976లో బచావత్ ట్రిబ్యునల్ తుది లెక్క చెప్పింది. మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఆంధ్రప్రదేశ్‌కి 800 టీఎంసీలు. మా పొలం ఆ 700లో ఉంది. మా అమ్మ పుట్టిల్లు కృష్ణా డెల్టాలో, ఆ 800లో ఉంది. నారాయణపుర దాటిన నీళ్ళు జూరాల, శ్రీశైలం, సాగర్ దాటి ప్రకాశం బ్యారేజీ చేరాలి. మాకు కాలువ నిండుగా ఉన్న కరువు సంవత్సరంలో మామయ్య ఫోను చేసి "మీ వాళ్ళు ఆపేశారంట కదరా" అంటాడు. వరద సంవత్సరంలో "మీ వాళ్ళు వదిలేశారంట, ఇక్కడ లంకలు మునిగాయి" అంటాడు. రెండుసార్లూ "మీ వాళ్ళు" మేమే. ఇక్కడ ఊళ్ళో కాలువ మీటింగు జరిగితే మేము "ఆంధ్రదవరు". ఆలమట్టి ఎత్తు పెంచే విషయం టీవీలో వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అమ్మ చానల్ మారుస్తుంది.

ఏ వైపు నిలబడాలి అని మమ్మల్ని చాలామంది అడిగారు. పంట ఎక్కడ వేశామో ఆ నేల హక్కు కోసం నిలబడతాం. అయితే అమ్మ పుట్టిన డెల్టా ఎండితే సంతోషించలేం. దీనికి ట్రిబ్యునల్ దగ్గర కూడా లెక్క లేదు.

పందొమ్మిదో గేటు

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. మొత్తం 33 గేట్లు. పెట్టి డెబ్బై ఏళ్ళయింది. ఆ వారం క్యాంపుల్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. నాట్లు పడిన పొలాలు, కళ్ళ ముందే నీళ్ళు పోతున్నాయి. నిండుగా పారే నీళ్ళలో అడ్డుపలకలు దించి ఆపాలని విశ్రాంత ఇంజనీరు కన్నయ్య నాయుడు చెప్పారు. చాలామంది కాదన్నారు. వారంలో ఆపి చూపించారు. ఆయన వయసు అప్పటికి ఎనభై దాటలేదు గానీ దగ్గర్లోనే ఉంది.

మా ఆఫీసులో ఆ వారం అందరూ దీని గురించే అడిగారు. మా పనిలో ఒక సంగతి ఉంది. కొత్తగా రాసిన ప్రోగ్రామునే అందరూ పరీక్షిస్తారు. ఏళ్ళుగా నడుస్తున్నదాన్ని ముట్టుకోరు, నడుస్తోంది కదా అంటారు. అది ఆగిన రోజు దాన్ని బాగుచేయగలిగినవాడు ఎక్కడో రిటైరై ఉంటాడు. ఆయన ఫోను నంబరు ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి. ఆనకట్టలోనూ అంతే. ఇంకో సంగతి కూడా ఉంది. జలాశయంలో పూడిక చేరి, మొదట 133 టీఎంసీలు పట్టేది ఇప్పుడు సుమారు 105 మాత్రమే పడుతోంది. గేటు తెగితే చప్పుడవుతుంది, వార్త అవుతుంది. పూడిక ఏటా కొంచెం చేరుతుంది, చప్పుడుండదు.

మన భాష సంగతి రెండో రకం.

128 గడుల దూరం

మేము చదివింది కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, రాయచూరు వెళ్తే బస్టాండులో హిందీ, ఉర్దూ. తెలుగు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. ఏడో తరగతిలో నాయనమ్మ దగ్గరున్న పాత వారపత్రిక పట్టుకుని కన్నడ అక్షరాల పోలికతో మేమే కూడబలుక్కున్నాం. తలకట్టు ఒక్కటి వేరు, వాళ్ళది అడ్డగీత, మనది టిక్కు. సగం అక్షరాలు చూడగానే తెలిసిపోయాయి. ఒకప్పుడు రెండు భాషలకీ ఒకటే లిపి, తర్వాత మెల్లగా విడిపోయింది అని కాలేజీలో చదివాం. అప్పుడు గబ్బూరు శాసనం ఎందుకు అర్థం కాలేదో తెలిసింది. అది విడిపోక ముందటిది.

లిపి కలిసినా మాటలు ఇరికిస్తాయి. కన్నడంలో "ఊట" అంటే భోజనం, తెలుగులో నీటి ఊట. కన్నడంలో "కల్లు" అంటే రాయి. మొదటిసారి తెనాలి వెళ్ళినప్పుడు మా ఊరి గుళ్ళ గురించి గొప్పగా చెబుతూ "మా ఊళ్ళో ఎక్కడ చూసినా కల్లే" అన్నాం. ఇప్పటికీ అక్కడి పెళ్ళిళ్ళలో మమ్మల్ని చూడగానే ఆ మాటే అంటారు.

ఉద్యోగంలో చేరాక లిపి ఇంకో రకంగా కనిపించింది. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది. 1991లో మొదటి యూనికోడ్ వచ్చినప్పుడు మన దేశపు లిపులకి పక్కపక్కనే తలా 128 గడులు ఇచ్చారు. తెలుగు అయిపోగానే కన్నడం. తెలుగు "క" నంబరు 3093. కన్నడ "క" నంబరు 3221. తేడా సరిగ్గా 128. దాదాపు అన్ని అక్షరాలకీ ఇదే లెక్క. అంతకుముందు మన దేశంలో చేసిన ఇస్కీ పట్టికలో భారతీయ లిపులన్నీ ఒకే వరసలో ఉండేవి. ఆ వరసే ఇక్కడికీ వచ్చింది. ఇరుగుపొరుగు ఇళ్ళు కట్టినప్పుడు ఒకే ప్లాను పెట్టుకున్నట్టు. ఈ సంగతి తెలిసిన రోజు టిఫిన్ మానేసి అందరికీ చూపించుకుంటూ తిరిగాం.

ఇదే పనిలో ఒక పాఠం కూడా దొరికింది. 2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా" అన్న అక్షరం ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. జ్ఞానంలో మొదటి అక్షరమే. ఆ నెల 19న ఆపిల్ సరిచేసింది. లోకమంతా నవ్వుకుంది. మాకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. కోట్లమంది రాసే భాషలో రోజూ వాడే అక్షరం అది. విడుదలకు ముందు ఆ కూర్పుని ఎవరూ పరీక్షించలేదు. అప్పటి నుంచి ఏ ప్రాజెక్టు వచ్చినా, అడిగినా అడగకపోయినా, పేరు రాసే గడిలో మొదట నాయనమ్మ పేరు తెలుగులో కొట్టి చూస్తాం. తర్వాత అదే పేరు కన్నడంలో. చాలాసార్లు దొరికే తప్పు అక్కడే దొరుకుతుంది.

వంశవృక్షంలో లేనివాళ్ళు

మళ్ళీ మొదటి కాగితానికి వద్దాం. కర్ణాటకలో 2000 ప్రాంతంలో భూమి అనే పథకం కింద దాదాపు 2 కోట్ల పహాణీలు కంప్యూటర్లోకి ఎక్కాయి. చేతిరాత పహాణి పోయింది. చేతిరాత ఉన్నంతకాలం తాతయ్య నాలుగు పేర్లూ ఒకటే అని ఊళ్ళో అందరికీ తెలుసు, సరిపోయేది. కంప్యూటరుకి ఊరు తెలియదు. అఫిడవిట్ రాయించి, ఊరి పెద్దలిద్దరి చేత సంతకం పెట్టించి, నాలుగు పేర్లూ ఒకే మనిషివని చెప్పుకున్నాం. ఆ ఇద్దరు పెద్దలూ కన్నడంవాళ్ళే. ఒకాయనది కాలువ చివరి పొలం.

వంశవృక్షం గీసేటప్పుడు నాన్న మగపిల్లల పేర్లే చెప్పాడు. అత్తయ్యల సంగతేంటి అని అడిగాం. "వాళ్ళకెందుకు, పెళ్ళిళ్ళయిపోయాయి కదా" అన్నాడు. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఆంధ్రప్రదేశ్ చట్టం 1986లో, కర్ణాటక చట్టం 1994లో ఇచ్చాయి. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అవి వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ అడ్డు కూడా తీసేసింది. ఇవన్నీ చెబితే నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెద్దత్తయ్యకి ఫోను చేశాడు. ఆవిడ తెనాలిలో ఉంటారు. "నా పేరు రాయరా, పొలం వద్దులే, పేరు మాత్రం రాయి" అన్నారు. చిన్నత్తయ్య సింధనూరులో ఉంటారు. ఆవిడ పేరూ కావాలన్నారు, వాటా గురించి కూర్చుని మాట్లాడదాం అన్నారు. మాట్లాడుకుంటున్నాం. ఇంకా తేలలేదు.

నాయనమ్మ దగ్గర ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. ఆవిడ పేరు ఏ కాగితంలోనూ లేదు. రేషను కార్డులో "భార్య" అని ఉంది, పేరుండాల్సిన చోట తాతయ్య పేరే మళ్ళీ ఉంది. అరవై ఏళ్ళు ఈ నేల మీద నారు పీకి, నాటు వేసి, పత్తి తీసి, రొట్టె తట్టిన మనిషి. కోట గోడ మీద బొమ్మలో మీట పట్టుకున్న మనిషిలాగా పని కనిపిస్తుంది, పేరు కనిపించదు. పెద్దత్తయ్యని అడిగి పుట్టింటి పేరుతో సహా రాశాం. ఆఫీసు కాగితంలో కన్నడంలో, ఇంట్లో ఉంచుకునే కాపీలో తెలుగులో.

ఆ కాపీ వెనక ఇంకో వరస రాయడం మొదలుపెట్టాం. మా పొలంలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాళ్ళ పేర్లు. కాలువ మీద నీళ్ళు వదిలిన లష్కరు. నాయనమ్మకి రొట్టె నేర్పిన పక్కింటావిడ. వాళ్ళ పేర్లు వాళ్ళని అడిగే రాస్తున్నాం. ఈ పేజీలో పెట్టడం లేదు, అవి వాళ్ళవి. ఇప్పటికి పదిహేడు పేర్లయ్యాయి. నాన్నకి రోజూ పొద్దున్న ఇంకొకరు గుర్తొస్తున్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ పండక్కి ఒక కాగితం పెట్టుకుని కూర్చోండి. ముందు ఆడవాళ్ళ పేర్లు అడగండి. సెంట్లలో చెప్తే సెంట్లలోనే రాయండి, గుంటలు తర్వాత వేసుకోవచ్చు.